పన్నెలో పద్నాలుగు పళ్ళు

నా చిన్నప్పుడు మా గల్లీ చాచా ఒక బొమ్మ కారుకు తన చేతులతో చాసీ కట్టిన కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు చెప్పాను, పిల్లలకు చెప్పాను, ఇప్పుడు మనవడికి చెబుతున్నాను. విన్న ప్రతివాళ్ళూ చాచాను మెచ్చుకుంటారు, ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నందుకు నన్ను కూడా కాస్త మెచ్చుకుంటారు. మెచ్చుకోక ఏం చేస్తారు, నేను నడిమి ముక్క తీసేసి చెబుతాను కదా. ఈసారి తీయకుండా చెబుతాను. యాభై ఆరేళ్ళు నిండాయి, ఇంకా ఎవరి మెప్పు కోసం దాచుకోవాలి?

మాది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో మా బాపువి నాలుగు సాంచాలు ఆడేవి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. ఆ చప్పుడులో పెరిగినవాళ్ళం కాబట్టి మేమంతా కాస్త గట్టిగానే మాట్లాడతాం, కొత్తవాళ్ళు వింటే కొట్లాడుకుంటున్నామనుకుంటారు. మా బాపుకు మాత్రం నిజంగానే కోపం ఎక్కువ. వచ్చినంత తొందరగానే పోయేది కానీ, ఆ వచ్చిపోయే మధ్యలో నోటికి ఏది వస్తే అది అనేసేవాడు. నేను ఒక్కతే బిడ్డను. నా మీద మాత్రం ఎన్నడూ గొంతు పెంచలేదు. అందుకే ఆ కోపం నా మీదికి వస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలియదు, తెలియని దానికే భయం ఎక్కువ.

మా మేనమామది కోరుట్ల. దుబాయిలో మూడేళ్ళు పనిచేసి సెలవు మీద వచ్చినప్పుడు టేపు రికార్డరు, కంబళ్ళు, సెంటు సీసాలతో పాటు ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. మేం చూడ్డానికి కోరుట్ల పోయినప్పుడు విప్పితే అందులో రేసు కార్ల సెట్టు ఉంది. నల్లటి ప్లాస్టిక్ పలకలు ఒకదానికొకటి తగిలిస్తే ఎనిమిది అంకె లాగా రోడ్డు తయారయ్యేది. ఆ రోడ్డులో రెండు సన్నని గాడులు, గాడికి అటూ ఇటూ రేకుల పట్టీలు. కారు ముక్కు కింద చిన్న నాలుక ఒకటి గాడిలో దూరేది, పట్టీల్లోంచి కరెంటు అందుకుని కారు పరుగెత్తేది. చేతిలో ఉన్న మీట ఎంత నొక్కితే అంత వేగం. నడిపేవాళ్ళ తెలివంతా మలుపు దగ్గర ఎంత వదలాలి అన్నదాంట్లోనే ఉంటుంది.

నాకు ఆ తెలివి లేదు. పదకొండేళ్ళ పిల్లను, మీట పూర్తిగా నొక్కడం తప్ప ఏమీ తెలియదు. మామ కొడుకు, నాకు బావ వరస, నాకంటే ఏడాది పెద్దవాడు. వాడి కారు తిరుగుతూనే ఉండేది, నాది ప్రతి మలుపులో ఎగిరి గోడకు కొట్టుకునేది. మూడో రోజుకు నా కారు అడుగు భాగం, అంటే మోటారునూ చక్రాలనూ పట్టి ఉంచే ప్లాస్టిక్ చాసీ, నడుమ పగిలింది. వాడు పగలబడి నవ్వి, "నువ్వు పోయి కండెలు చుట్టుకోపో, నీకెందుకు కార్లు" అన్నాడు. మామ వాణ్ణి మందలించి, ఆ పగిలిన కారును నాకే ఇచ్చేశాడు. ఎండాకాలం సెలవుల్లో బాగుచేయించుకొని తెస్తే మళ్ళీ పందెం పెడదామన్నాడు. కథలాపూర్ మీదుగా సిరిసిల్లకు వచ్చే బస్సులో ఆ కారును టిఫిను డబ్బాలో పెట్టుకుని దారంతా బావను ఎట్లా ఓడించాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను.

మా ఇంటికి ఎదురుగా చాచా దుకాణం. స్టవ్వులు, పాల క్యాన్లు, గొడుగులు, చిల్లుపడ్డ బిందెలు, ఏది తెచ్చినా బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. మా బాపు కంటే పదేళ్ళు పెద్ద. బాపు ఆయనను భాయ్ అనేవాడు, ఆయన బాపును తమ్మీ అనేవాడు. పొద్దున పూట ఇద్దరూ ఒకే చాయ్ కెటిల్ పంచుకునేవాళ్ళు. గల్లీలో పిల్లలందరం బడి విడిచాక ఆ దుకాణం మెట్ల మీదే వాలిపోయేవాళ్ళం, ఎందుకంటే రాగి మొనను బొగ్గుల్లో కాల్చి నవాసారం మీద రుద్దితే లేచే పొగనూ, టంకం నీళ్ళలా పారి క్షణంలో గట్టిపడటాన్నీ ఎంతసేపైనా చూడొచ్చు.

నా కారును చాచా మూడు రోజులు ఊరికే చూశాడు. మోటారు విప్పి చూశాడు, చక్రాలు తిప్పి చూశాడు. అటువంటి వస్తువు ఆయన ఎన్నడూ చూసింది కాదు. నాలుగో రోజు నన్ను పిలిచి, "బరువంత నెత్తిమీదున్నది బేటీ. గిట్లుంటే మలుపుల బోర్ల పడక ఏం చేస్తది? ప్లాస్టిక్‌ది అతికిచ్చుడు గాదు, మనమే కొత్త చాసీ కడ్దాం" అన్నాడు. జగిత్యాలలో ఆయనకు తెలిసిన గడియారాల దుకాణం నుంచి సన్నని ఇరుసు తెప్పించాడు. పాడైన స్టవ్వు టాంకీలోంచి ఇత్తడి పట్టీలు కత్తిరించాడు. పగిలిన అద్దం పలక ఒకటి బల్ల మీద పరిచి, చాసీని దాని మీద పెట్టి వేలితో మూలలు నొక్కి చూసేవాడు. ఏ మూల అయినా టక్కుమంటే ఆ అతుకు కరిగించి మళ్ళీ మొదటి నుంచి. నాకు విసుగొచ్చేది, ఆయనకు రాలేదు. రెండు అతుకులు నా చేతనే పెట్టించాడు. నా అతుకులు బొబ్బల్లాగా ఉబ్బి ఉన్నా అలాగే ఉంచాడు.

ఇత్తడి ఒక్కటే అయితే మొండిగా ఉంటుందని, నడుమ కొంచెం వంగి మళ్ళీ లేచే ఉక్కు ఉంటేనే కారు మలుపులో నేలను పట్టుకుంటుందని చాచా తేల్చాడు. సైకిలు పుల్ల వేసి చూశాడు, లావైంది. మా బాపు దగ్గర పాత పన్నె ఏదన్నా ఉంటే అడిగి నాలుగు పళ్ళు తెమ్మన్నాడు. పన్నె అంటే సాంచాకు ఉండే పొడవాటి ఉక్కు దువ్వెన. దాని పళ్ళ సందుల్లోంచే పడుగు పోగులు వరస తప్పకుండా వస్తాయి. ఆ పళ్ళు పలచగా, జానెడు కంటే తక్కువ పొడవుతో, వంచితే వంగి వదిలితే లేచేవి. చాచా అడగమన్నాడు, పాతది అన్నాడు. ఈ రెండు మాటలూ నాకు స్పష్టంగా గుర్తున్నాయి.

షెడ్డు మూలన పాత పన్నె ఒకటి ఉండేది. అడగకుండానే దాని పళ్ళు రెండు పీకి తెచ్చాను. చాచా ఎంత గీకినా వాటికి టంకం పట్టలేదు, గింజలు గింజలుగా జారి కింద పడింది. తుప్పుపట్టిన దానికి టంకం పట్టదు. మంచిది దొరికితే చూద్దాంలే అన్నాడాయన. కోరుట్ల ప్రయాణం ఇంకా పది రోజులే ఉంది.

ఇక్కడ పక్కింటి అక్క సంగతి చెప్పాలి. వాళ్ళది కోనరావుపేట వైపు ఊరు, సాంచాల పనికి సిరిసిల్ల వచ్చారు. అక్కకు అప్పుడు పంతొమ్మిదేళ్ళుంటాయి. మా షెడ్డులో రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. కానీ ఆమె మనసంతా వైపని మీద ఉండేది. కొత్త పడుగు సాంచాకు ఎక్కించేటప్పుడు వేల పోగులను ఒక్కొక్కటిగా పట్టి, పన్నె సందుల్లోంచి లాగి కట్టే పని అది. అప్పట్లో మగవాళ్ళే చేసేవాళ్ళు. అక్క వాళ్ళ పక్కన నిలబడి చూసి చూసి నేర్చుకుంది. ఆరు నెలలు బాపు వెంట పడింది. చివరికి ఆయన, "సరే బిడ్డా, అచ్చే పడుగు నువ్వే ఎక్కియ్యి, సూద్దాం" అన్నాడు. ఆ పడుగు కోసం తెప్పించిన పన్నెను అక్క సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో ఒక్కో పన్ను తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి గోడకు వేలాడదీసింది. ఆ తుడవడం నేను పక్కన కూర్చుని చూశాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు నేను ఆ చీర ముక్క విప్పాను. పళ్ళు తారుతో కట్టి ఉంటాయి, మామూలుగా అయితే ఊడవు. రేకుల షెడ్డులో ఆ ఎండకు తారు మెత్తబడి ఉంది. పటకారు పెట్టి లాగితే వచ్చేశాయి. చివర్లో ఉన్నవి గట్టిగా ఉన్నాయని నడిమివి తీశాను. నడిమి పళ్ళు పోతే గుడ్డ పొడవునా చారిక పడుతుందని, ఆ గుడ్డ ఎవరూ తీసుకోరని సాంచాల ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. నాలుగు చాలన్నాడు చాచా, నేను పద్నాలుగు పీకాను. మళ్ళీ దొరుకుతాయో లేదోనన్న ఆశ. గుడ్డ ఎప్పటిలాగే చుట్టి పెట్టేసి రోడ్డు దాటాను.

చాచా వాటిని వెలుతురులో పెట్టి చూశాడు. "కొత్తగున్నయి గద బేటీ?" అన్నాడు. బాపు ఇచ్చాడని చెప్పాను. "మంచోడు మీ బాపు" అన్నాడు. ఆ పద్నాలుగూ వాడేశాడు, లారీ కింద కమాను పట్టీల మాదిరి ఒకదాని మీద ఒకటి జతచేసి రెండువైపులా నిలిపాడు. సాయంత్రానికి చాసీ తయారైంది. అద్దం మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కాడు, ఎక్కడా చప్పుడు లేదు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు, ఆ సంతోషం చూస్తూ నాకు దొంగతనం సంగతి గుర్తుకే రాలేదు.

గుర్తుకు వచ్చింది తెల్లవారి. అక్క తలస్నానం చేసి, కొత్త గాజులు వేసుకుని వచ్చింది. వైపని చేసే పెద్దమనిషి కూడా చూడ్డానికి వచ్చి నిలబడ్డాడు. అక్క పన్నెకు దండం పెట్టి గుడ్డ విప్పింది. నడుమ రెండు వేళ్ళు దూరేంత సందు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. బాపు దగ్గరికి వచ్చి చూశాడు, ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"మొన్న తుడిసినప్పుడు పడేసినవా? నిజం చెప్పు."

"లేదు కాకా. తుడిసినప్పుడు మంచిగనే ఉండె. ఒక్క పన్ను పోలే."

"నువ్వు తుడిసినవ్, నువ్వే కట్టినవ్, నువ్వే ఇప్పినవ్. మరి నడుమ దయ్యం అచ్చి తిన్నదా? చేతగాకుంటే చేతగాదని చెప్పాలె గని అబద్ధాలెందుకు? పో, పోయి కండెలు చుట్టు."

అక్క ఏడవలేదు. గాజులు మోచేతి దాకా పైకి జరుపుకుని రాట్నం ముందు కూర్చుంది. వైపని పెద్దమనిషి తలాడించి, ఆడపిల్ల చేతిలో ఇంత పని పెడితే ఇట్లనే అయితదని అంటూ వెళ్ళిపోయాడు. ఆ మాట మధ్యాహ్నానికి నాలుగు షెడ్లు తిరిగి ఉంటుంది. సిరిసిల్లలో ఒకసారి చెయ్యి మంచిది కాదన్న పేరు పడితే ఇంకే సాంచాల ఆసామీ పడుగు ముట్టనివ్వడు. అక్క జీవితాంతం కండెలు చుట్టుకోవలసిందే. పదకొండేళ్ళకు నాకు అవన్నీ తెలియవని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు అన్నీ తెలుసు. చాయ్ గ్లాసులు ఒక్కొక్కరికీ ఇచ్చాను, అక్కకు కూడా ఇచ్చాను.

ఆ రోజంతా చెబుదామనే అనుకున్నాను. చెబుతాను, అన్నం తిన్నాక చెబుతాను, బాపు కోపం తగ్గాక చెబుతాను. కోపం తగ్గింది కూడా. మూడు గంటలకు ఆయన ఆ పన్నెను చంకన పెట్టుకుని, ఏమన్నా పనికొస్తుందేమో చూపిద్దామని చాచా దుకాణానికి బయలుదేరాడు. ఆయన వెనకే పరుగెత్తాను.

దుకాణంలో బల్ల మీద అద్దం పలక, దాని మీద చాసీ. బాపు దాన్ని చూడలేదు. పన్నెను బల్ల మీద పరిచి, "భాయ్, గీ నడిమి పళ్ళు పోయినయి. వేరేయి దొరికితే ఎక్కిస్తవా? ఆ పోరి పడేసి పాడుచేసింది" అన్నాడు. చాచా ఆ సందును చూశాడు. ఎంతసేపు చూశాడో. చేతి కింద ఉన్న గుడ్డను తీసి, ఏదో తుడవబోతున్నట్టు చాసీ మీద పడేశాడు. తరవాత నా వైపు చూశాడు.

"బొగ్గులు ఊదు బేటీ" అన్నాడు.

ఊదాను. రాగి మొన అప్పటికే ఎర్రగా ఉంది. ఆయన దాన్ని తీయలేదు. ఇంకా ఊదమన్నాడు. ఊదుతూనే ఉన్నాను. బాపు పక్కనే నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. కాలిన మొనను ఇంకా కాలుస్తున్నాడేంటని మాత్రమే అప్పుడు అనుకున్నాను. అది నా కోసం ఆపిన సమయం అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. నోరు తెరిస్తే చాలు. నేను బొగ్గుల్లోకే చూస్తూ ఊదాను.

చివరికి చాచానే గుడ్డ తీశాడు. "తమ్మీ, గా పోరి తప్పు లేదు. పళ్ళు గివ్వే. నేనే బేటీని అడిగిన, తెమ్మని" అన్నాడు.

బాపు చాసీని చూశాడు, చాచాను చూశాడు. కోపం వచ్చింది. ఈసారి అది గల్లీ అంతా వినపడింది. "చిన్న పోరితోని దొంగతనం చేపిస్తవా భాయ్? నీ బొమ్మలకు నా పన్నె దొరికిందా? పొద్దటి సంది ఒక ఆడపిల్ల ఉసురు పోసుకున్న గదనే నీ వల్ల!" రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. చాచా చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని తల వంచుకున్నాడు. "తప్పైంది తమ్మీ. బేటీనేం అనకు. ఆమెకు ఎరుక లేదు, పాతదే అనుకున్నది" అన్నాడు.

బాపు నా వైపు తిరిగాడు. "అవునా బిడ్డా? పాతదనుకున్నవా?"

నేను తల ఊపాను.

ఇదే నేను ఎప్పుడూ తీసేసే ముక్క. మాట కూడా కాదు, నోరు కూడా తెరవలేదు. తల ఒకసారి కిందికీ పైకీ ఆడించాను, అంతే. ఆయన నా కోసం ఒక అబద్ధం ఆడితే నేను దానికి సంతకం పెట్టాను.

తరవాత చాచా చాసీని పటకారుతో పట్టుకుని బాపు ముందే విప్పాడు. మొన తాకించడం, అతుకు కరగడం, ఒక పన్ను రావడం. పద్నాలుగు సార్లు. నేను పెట్టిన బొబ్బల అతుకులు రెండూ కరిగిపోయాయి. పళ్ళన్నీ గీకి శుభ్రం చేసి, తారు కాచి, సందులు కొలిచి కొలిచి మళ్ళీ పన్నెలో నిలిపాడు. పొద్దు వాలేదాకా అదే పని. బాపు కూలి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ సాయంత్రమే బాపు పక్కింటికి పోయి, నా నోరు జారింది బిడ్డా, రేపు పడుగు నువ్వే ఎక్కియ్యాలె అన్నాడు. అక్క ఎక్కించింది. రెండు రోజులు పట్టింది, ఒక్క పోగు తప్పలేదు. తరవాత తరవాత ఆ పేటలో వైపనికి ఆమె పేరే చెప్పుకునేవాళ్ళు. అక్క బతుకు నిలబడింది. నా తప్పు తన మీద వేసుకుని నిలబెట్టింది చాచా, ఆ సంగతి తెలిసింది ఆయనకూ నాకూ మాత్రమే.

ఆయనకు పోయింది మాత్రం పోయింది. పొద్దున కెటిల్ పంచుకోవడం ఆగిపోయింది. పిల్లలతో దొంగతనాలు చేయిస్తాడన్న మాట గల్లీలో పాకింది. పాల క్యాను బాగుచేయించడానికి పెద్దవాళ్ళే వచ్చేవాళ్ళు, పిల్లలను పంపేవాళ్ళు కాదు. దుకాణం మెట్లు ఖాళీ అయ్యాయి. నన్ను కూడా బాపు అటు పోవద్దన్నాడు. పోవద్దంటే నాకు హాయిగానే అనిపించింది, ఆయన ముఖం చూడాల్సిన పని లేదు కదా అని. ఈ హాయి సంగతి చెప్పడానికి కూడా సిగ్గుగానే ఉంది.

కోరుట్ల ప్రయాణానికి ముందు రోజు పొద్దున మా అరుగు మీద గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి ఉంది. విప్పితే నా కారు. కొత్త చాసీ. ఉక్కు పళ్ళ బదులు విరిగిన గొడుగుల పుల్లలు చదును చేసి వేశాడు. పద్నాలుగు పళ్ళకు పట్టినంత పని దానికి రెండింతలు పట్టి ఉంటుంది. కోరుట్లలో ఆ కారు గాడిని విడిచిపెట్టలేదు. నేను మీట పూర్తిగా నొక్కినా మలుపులో నడుము వంచి, నేలను కరుచుకుని తిరిగింది. బావ కారు రెండుసార్లు ఎగిరిపడింది. మామ నా కారును బోర్లించి చూసి, దుబాయిలో కూడా ఇట్లాంటి పని చూడలేదే, ఎవరు చేశారని అడిగాడు. మా గల్లీ చాచా చేశాడని గొప్పగా, గట్టిగా చెప్పాను. కోరుట్లలో నిజం చెప్పడానికి నాకు ఏ కష్టమూ లేదు.

తిరిగి వచ్చాక గెలిచిన సంగతి చెప్పాలని ఆగలేక బాపు కళ్ళు కప్పి చాచా దగ్గరికి పోయాను. చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఏడ్చేశాను. తప్పు నాది చాచా, నువ్వు పాతది అడిగి తెమ్మన్నావు, నేనే కొత్తది పీకాను, నీకు అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన స్టవ్వు పిన్ను పెడుతూ తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్ బేటీ? నాకు ఎరుకే గద. ఎరుక లేనోళ్ళకు చెప్పు."

అన్నది అంతే. కోపం లేదు, బుజ్జగింపు లేదు. రోడ్డు దాటితే మా షెడ్డు. పోయాను. బాపు సాంచాకు నూనె వేస్తున్నాడు. చప్పుడులో వినపడక, ఏం కావాలన్నట్టు చెయ్యి ఊపాడు. దగ్గరికి పోయి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. "అమ్మ అన్నానికి పిలుస్తున్నది" అన్నాను.

ఇరవై ఏళ్ళ తరవాత చాచా పోయినప్పుడు నేను ఇద్దరు పిల్లల తల్లిని. కబురు విని సిరిసిల్లకు వచ్చాను. అప్పటికి బాపు, చాచా మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళే, పండుగకు సేమియా వచ్చేది, కానీ పాత లెక్కన కాదు. జనాజా లేచాక బాపు అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ, "మంచి మనిషే. గా ఒక్క తప్పు చేసిండు గని" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయనకు ముసలితనం వచ్చింది, నన్ను కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదు. మా ఆయన ఉన్నాడు, చుట్టాలు ఉన్నారు. ఇప్పుడెందుకులే అనుకున్నాను. బాపు కూడా ఆ మాటనే నమ్ముకుని ఆరేళ్ళకు వెళ్ళిపోయాడు.

ఈ మధ్య జగిత్యాలలో మా బిడ్డ ఇంట్లో మనవడికి అటువంటి కార్ల సెట్టే కొనిచ్చారు. ఇప్పటివి ఇంకా వేగం, ప్లాస్టిక్ మాత్రం అదే ప్లాస్టిక్. వాడి కారు అడుగు పగిలితే నేను ఇత్తడి పట్టీలు, గట్టి తీగ తెప్పించి, కరెంటు మొనతో చాసీ కట్టిచ్చాను. వాడు నోరు తెరుచుకుని చూసి, ఎవరు నేర్పారు అమ్మమ్మా అన్నాడు. ఎప్పటిలాగే నడిమి ముక్క లేని కథ చెప్పాను. వాడు అంతా విని, "మరి గా తాత మీ ఇంటికి రోజు అచ్చేటోడా?" అని అడిగాడు. రాలేదురా అన్నాను. ఎందుకు రాలేదన్నాడు. ఆడుకోపో అని వాడి కారు తీసి మళ్ళీ గాడిలో పెట్టాను.

మర్నాడే బస్సెక్కి సిరిసిల్ల పోయాను. ఎరుక లేనివాళ్ళలో మిగిలింది పక్కింటి అక్క ఒక్కతే. అరవై దాటాయి, చూపు మందగించి వైపని మానేసింది. అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, తల ఊపిన సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే పోయాను.

అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది. నా వైపు కాకుండా ఎదురుగా, దుకాణం ఉండే చోటి వైపు చూస్తూ అన్నది.

"నా పేరు గట్ల బద్నాం ఐతాంటే, చాచా ఆ పళ్ళు తన దగ్గరే పెట్టుకొని పొద్దటి సంది సాయంత్రం దాక గమ్మున కూసున్నడు గదా, గిదేం మనిషి అనుకున్ననే నేను. గా దినం సంది ఆయన మొకం సూడలే. ఎదురుంగ అస్తే కొంగు కప్పుకొని పక్కకు జరిగేదాన్ని. ఆయన రోజు సలాం పెట్టేటోడు. ఇరవై ఏండ్లు పెట్టిండు. ఒక్కనాడు తిరిగి పెట్టలే."

నేను ఇన్నేళ్ళూ మోస్తున్నది ఒక్క తల ఊపడమే అనుకున్నాను. ఆ ఇరవై ఏళ్ళ సలాములు కూడా నా మీదే ఉన్నాయి. వాటిని తిరిగి అందుకోవలసిన మనిషి లేడు.